సంతకం పెట్టే ముందు

పొద్దున్నే బెజవాడ వన్ టౌన్ కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ ఏ ఇల్లాలూ చూడకుండా సరుకు కొనదు. వంకాయ ముచ్చిక పట్టుకుని తిప్పి చూస్తుంది. బెండకాయ కొస విరిచి చూస్తుంది. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. "ఏ ఊరి సరుకు? ఇవాళ కోసినవా, నిన్నటివా?" అంటుంది. కొట్టతను విసుక్కున్నా సరే, అడిగి తీరుతుంది. పావుకిలో వంకాయలకి నాలుగు ప్రశ్నలు.

మా పిన్ని కూడా అలాంటి ఇల్లాలే. బేరంలో ఆమెని గెలిచినవాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట మా వీధి చివర, కొండ మెట్ల మొదట్లో, ఉచిత వైద్య శిబిరం పెట్టారు. షామియానా వేశారు. పిన్ని వెళ్ళింది. ఒక అమ్మాయి మూడు పేజీల కాగితం ముందు పెట్టి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలితో చూపించింది. పిన్ని రెండు సంతకాలు పెట్టింది. చెయ్యి చాపింది. రెండు చిన్న గొట్టాల నిండా రక్తం తీశారు. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి ఊదారంగు మూత. చేతిలో బిస్కెట్ పాకెట్టు పెట్టి పంపించారు.

ఆ రక్తం ఏమైంది? ఈరోజుకీ రిపోర్టు రాలేదు. "ఎందుకని అడగలేదా పిన్నీ?" అన్నాను. "డాక్టర్లని మనం ఏం అడుగుతాం నాన్నా?" అంది.

డాక్టర్లని మనం ఏం అడుగుతాం? ఇవాళ ఈ ఒక్క మాట గురించే మీతో మాట్లాడదామని వచ్చాను. వంకాయ దగ్గర ఉన్న నోరు రక్తం దగ్గర ఎందుకు పడిపోయింది? పిన్నికి ధైర్యం లేక కాదు. ఈ మాటకి వందేళ్ళ పైన వయసుంది.

1897కి వెళ్దాం. సికింద్రాబాద్ పక్కన బేగంపేట. అక్కడి సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు ఉన్నాడు. మలేరియా దోమకాటు వల్ల వస్తుందేమోనని ఆయన అనుమానం. రుజువు కావాలి. హుసేన్ ఖాన్ అని ఒక మలేరియా రోగి. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి దోమతెర కట్టారు. మనం దోమలు లోపలికి రాకుండా తెర కట్టుకుంటాం. అక్కడ మాత్రం దోమల్ని తెరలోపలే వదిలారు. హుసేన్ ఖాన్‌ని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చారు.

ఆ ఆగస్టు 20న రాస్ ఒక దోమ పొట్ట కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, మలేరియా క్రిమి ఆనవాలు చూశాడు. లోకానికి ఎంతో మేలు చేసిన పని అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. వ్యాసం లండన్ పత్రికలో అచ్చయింది. పేరు రాస్‌ది. హుసేన్ ఖాన్ రక్తం ఇచ్చాడు, కాట్లు పడ్డాడు. అణాలతో ఆయన వాటా తీరిపోయింది.

అదే 1897లో ఇంకోటి జరిగింది. అంతకు ముందు ఏడాదే బొంబాయిలో ప్లేగు వచ్చింది. దాంతో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. చాలా చిన్న చట్టం, నాలుగే సెక్షన్లు. రైలు ప్రయాణికుల్ని ఆపి తనిఖీ చెయ్యొచ్చు. జబ్బు ఉందనుకున్నవాళ్ళని వేరుచేసి ఉంచొచ్చు. మాట వినకపోతే శిక్ష. ఆ చట్టం కింద పనిచేసిన అధికారి మీద దావా వెయ్యడానికి వీల్లేదు. అధికారి ఏం చెయ్యొచ్చో అందులో ఉంది. రోగి ఏం అడగొచ్చో ఒక్క ముక్క లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన ప్రభుత్వాలు పెట్టె అడుగు నుంచి తీసి వాడింది ఈ చట్టాన్నే. అంటే నూట ఇరవై మూడేళ్ళు మనతోనే ఉంది.

ఆ రోజుల్లోనే, 1898లో లివర్‌పూల్‌లో, 1899లో లండన్‌లో, ఉష్ణదేశాల జబ్బుల కోసం వైద్య పాఠశాలలు పెట్టారు. వలస దేశాలకి వెళ్ళే తమ సైనికుల్నీ వర్తకుల్నీ కాపాడుకోవడం వాళ్ళ మొదటి అవసరం. జబ్బు మన ఊళ్ళో, చదువు వాళ్ళ ఊళ్ళో. రోగి ఇక్కడ, నిర్ణయం అక్కడ. ప్రపంచ ఆరోగ్యం అనే మాట వినగానే ఈనాటికీ మొదట గుర్తుకొచ్చే పేర్లు ఆ ఊళ్ళవే. డబ్బు సంచి కూడా చాలావరకు ఆ వైపే ఉంది.

మరి మన వైపు తెలివి లేకనా? మన డెల్టా పక్కనే, భీమవరంలో, 1895లో పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్ళారు. దొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసిన మనిషికి, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆయన అమెరికా వెళ్ళిపోయారు. మళ్ళీ ఈ నేల చూడకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

అక్కడ లెడర్లీ లాబొరేటరీలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందుల్లో హెట్రజాన్ ఒకటి. బోదకాలు మందు. భీమవరం, ఏలూరు, బెజవాడ కాలవల వెంట బోదకాలు ఎంతమందిని బాధపెట్టిందో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, దగ్గరుండి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఉంది చూశారూ, అది ఇదే. ఈ నీళ్ళు తాగి పెరిగిన మనిషి బుర్రలోంచి వచ్చిన మందు సముద్రాలు చుట్టి మన గడపకి చేరింది. వైద్యం పై నుంచి కిందకి పడే దానం అని ఎవరైనా అంటే నాకు సుబ్బారావు గారు గుర్తొస్తారు.

సరే. ఇప్పుడు మనం ఏం చెయ్యాలి? ఇందాక మార్కెట్ గురించి చెప్పాను. దానికంటే మంచి పోలిక పొలంలో ఉంది.

డెల్టాలో పొలం కౌలుకిచ్చేటప్పుడు ఎలా మాట్లాడుకుంటాం? అరుగు మీద కూర్చుంటాం. ఎకరాకి ఎన్ని బస్తాలు? సార్వాకేనా, దాళ్వాకి కూడానా? ఎరువు ఖర్చు ఎవరిది? తుపానొచ్చి చేను పడిపోతే నష్టం ఎవరిది? ఆఖరికి గడ్డివాము ఎవరిదో కూడా ముందే అనుకుంటాం. ఇదంతా తేలాకే కాగితం. అన్నదమ్ముల మధ్య కూడా అంతే. అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకోరు. అడక్కపోతేనే తర్వాత గొడవ.

మీ ఒంట్లోంచి రక్తం తీసుకుని పరిశోధన చేసేవాళ్ళు కూడా మీతో అలాంటి ఒప్పందానికే వస్తున్నారు. పొలం మీది. విత్తనం వాళ్ళది. పంట మాటేమిటి? అందుకే సంతకం పెట్టే ముందు మూడు మాటలు అడగండి.

ఎందుకు తీస్తున్నారు? ఎక్కడికి తీసుకెళ్తున్నారు? తిరిగి మాకేం చెప్తారు?

మళ్ళీ చెప్తాను. ఎందుకు? ఎక్కడికి? తిరిగి మాకేంటి? కాగితం, పెన్ను దగ్గరున్నవాళ్ళు రాసుకోండి. లేనివాళ్ళు వేళ్ళ మీద పెట్టుకోండి. మూడు వేళ్ళు చాలు.

ఇవి అడక్కపోతే ఏమవుతుందో అప్పటి మన ఖమ్మం జిల్లాలోనే చూశాం. ఇది కొంచెం నిదానంగా వినండి.

2009 జూలైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్.పి.వి. టీకా మీద ఒక ప్రాజెక్టు మొదలైంది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి పనిచేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు, దాదాపు 14 వేల మందిని ఎంచుకున్నారు. గుజరాత్‌లో వడోదరలో కూడా ఇలాంటిదే ఇంకోటి నడిచింది.

టీకా వేసుకున్న పిల్లల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారన్న వార్త వచ్చింది. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ తర్వాత వేసిన విచారణ సంఘం ఆ చావులకి టీకా కారణం కాకపోవచ్చని తేల్చింది. పాముకాటు, నీళ్ళలో పడిపోవడం లాంటి కారణాలు బయటపడ్డాయి. ఈ ముక్క గట్టిగా చెప్తున్నాను. టీకా మీద భయం పెంచడానికి నేను రాలేదు.

మరి తప్పెక్కడ జరిగింది? కాగితం దగ్గర. చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు అడవిలో, ఊళ్ళో. పిల్లలు ఒకచోట గుంపుగా దొరుకుతారు. అనుమతి పత్రం మీద తల్లో తండ్రో సంతకం చెయ్యాలి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ లెక్కలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. ఇంకో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. ఆ వేలిముద్ర వేసిన తల్లికి అందులో ఏముందో చదివి చెప్పిందెవరు? ఆ సంఘం పాత్ సంస్థని తీవ్రంగా తప్పుపట్టింది. తమ మీద మోపిన తప్పుల్ని ఆ సంస్థ ఒప్పుకోలేదు.

నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించేది అమెరికా సంస్థ మాట కాదు. ఆ 2,763 సంతకాలు పెట్టినవాళ్ళు మన తెలుగువాళ్ళు. చదువుకున్నవాళ్ళు. ఆ పిల్లలకి రోజూ అన్నం పెట్టేవాళ్ళు. గిరిజన తల్లిని అడగడం అవసరమని వాళ్ళకి తోచలేదు. 1897 చట్టం నేర్పిన పాఠం మనలో ఎంత లోతుగా దిగిందో చూడండి. దొరలు వెళ్ళిపోయారు. అడగకుండా చెయ్యి పట్టుకునే అలవాటుని మనం ఉంచుకున్నాం.

ఆ టీకా మాట కూడా పూర్తి చేస్తాను. హెచ్.పి.వి. టీకా మంచి టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా వేలమంది ఆడవాళ్ళు పోతున్నారు. ఇప్పుడు పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ సర్వావాక్ పేరుతో దీన్ని మన దగ్గరే తయారుచేస్తోంది. మీ ఇంట్లో ఆ వయసు ఆడపిల్ల ఉంటే డాక్టరుతో మాట్లాడండి. అడిగి, తెలుసుకుని వేయించండి. ఖమ్మంలో ఆ రోజు అడిగి ఉంటే ఎంతోమంది తల్లులు తామే పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు. అడగకపోవడం వల్ల మంచి మందుకి కూడా ఏళ్ళ తరబడి చెడ్డపేరు అంటుకుంది.

ఇప్పుడు నియమాలు మారాయి. వైద్య పరిశోధన మండలి 2017లో కొత్త నీతి నియమాలు ఇచ్చింది. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం రూల్స్ వచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చేవి కొన్ని చెప్తాను.

మీ మీద పరిశోధన చేస్తుంటే, కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. బెజవాడలో అయితే తెలుగులో. ఉర్దూ చదివేవాళ్ళకి ఉర్దూలో. చదవడం రానివాళ్ళకైతే, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కనుండి విని సంతకం చెయ్యాలి. కాగితం కాపీ మీ చేతికి రావాలి. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు. మానేశారని మీకు మామూలుగా చేసే వైద్యం ఆపకూడదు. ఎథిక్స్ కమిటీ అని ఒకటుంటుంది, మీ తరఫున చూసే కమిటీ. దాని ఫోన్ నంబరు ఆ కాగితం మీదే ఉండాలి. కాగితం ఇవ్వగానే ముందు ఆ నంబరు కోసం వెతకండి.

ఇంకొకటుంది. పరీక్ష అయిపోయాక మిగిలిన రక్తం. అదే మన గడ్డివాము. దాన్ని దాచిపెట్టి, రేపు ఇంకో పరిశోధనకి వాడుకోవచ్చా అని మిమ్మల్ని విడిగా అడగాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదంతా పరిశోధన విషయం. ప్రమాదం జరిగి రక్తం కారుతుంటేనో, గుండెలో నొప్పి వస్తేనో, కాగితం చదువుతూ కూర్చోవద్దు. డాక్టరు చేతిలో పెట్టండి.

తిరిగి మాకేంటి అన్న మూడో ప్రశ్నకి ఉద్దానం వైపు చూడండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య కిడ్నీ జబ్బు ఊళ్ళకి ఊళ్ళని పీడించింది. మన ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు తండాల్లో కూడా అదే బాధ. ఉద్దానానికి దేశం లోపలి నుంచీ బయటి నుంచీ పరిశోధకులు మళ్ళీ మళ్ళీ వచ్చారు. రక్తం తీశారు. బావుల్లో నీళ్ళు, పొలాల్లో మట్టి పట్టుకెళ్ళారు. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడి జనం అడిగింది మొదటి నుంచీ ఒకటే. మంచినీళ్ళు, దగ్గర్లో డయాలసిస్. హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. పరిశోధన వద్దని నేననను. పరిశోధకుడు తెచ్చిన ప్రశ్న పక్కన ఊరివాళ్ళ ప్రశ్న కూడా పెట్టుకుంటే అది భాగస్వామ్యం అవుతుంది. లేకపోతే అది హుసేన్ ఖాన్ అణాల లెక్కే.

దేశాలకి కూడా ఇదే లెక్క. కోళ్ళ ఫారాలున్నవాళ్ళకి బర్డ్ ఫ్లూ అంటే తెలుసు. 2007లో ఇండోనేసియా ఒక పని చేసింది. తమ రోగుల దగ్గర తీసిన బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలు ప్రపంచ ఆరోగ్య సంస్థకి పంపడం ఆపేసింది. ఎందుకు? ఆ నమూనాలతో వేరే దేశం కంపెనీ టీకా తయారుచేస్తే, కొనుక్కునే స్తోమత తమ జనానికి ఉండదు కాబట్టి. చాలా దేశాలు కోప్పడ్డాయి. నమూనాలు ఆపడం ప్రమాదమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ దేశ ఆరోగ్యమంత్రి అడిగింది మన మూడో ప్రశ్నే. చివరికి 2011లో ఒక ఒప్పందం కుదిరింది. నమూనాలు వాడుకునే కంపెనీలు టీకాల్లో, మందుల్లో కొంత భాగం పంచాలని, డబ్బు రూపంలో కూడా కొంత కట్టాలని రాసుకున్నారు. ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగితేనే ఆ కాగితం పుట్టింది.

ఇప్పుడు మనం కూడా బయటికి వెళ్తున్నాం. హైదరాబాద్ మందులు ఆఫ్రికా దాకా పోతున్నాయి. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మీకు తెలుసు, మన తాడిగడపలో కూడా ఉంది. ఊళ్ళోని పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఆ ఊళ్ళ దగ్గరే కంటి కేంద్రాలు నడిపించడం వాళ్ళ పద్ధతి. లైబీరియా రాజధాని మన్రోవియాలో కంటి ఆసుపత్రి నిలబెట్టడానికి కూడా వాళ్ళు సాయపడ్డారు. పై నుంచి డాక్టర్లని దింపి ఊరుకోకుండా, అక్కడివాళ్ళకే పని నేర్పడం నాకు నచ్చిన సంగతి. ఆఫ్రికాలో మన తెలుగు డాక్టరు ఎదుట కూర్చున్న తల్లికి కూడా అవే మూడు ప్రశ్నలు అడిగే హక్కుంది. ఆమె అడిగితే మనం విసుక్కోకూడదు.

ఎందుకు? ఎక్కడికి? తిరిగి మాకేంటి? మర్చిపోరు కదూ.

మొన్న మా వీధి చివర మళ్ళీ షామియానా వేశారు. ఈసారి వేరేవాళ్ళు. పిన్నితో పాటు నేనూ వెళ్ళాను. ఒక కుర్రాడు కాగితం ముందు పెట్టి వేలు చూపించాడు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. "నాయనా, ఇదెందుకు? ఎక్కడికి తీసుకెళ్తారు? రిపోర్టు మాకెప్పుడొస్తుంది?" అని అడిగింది. ఆ కుర్రాడు కాస్త తడబడ్డాడు. "ఒక్క నిమిషం అమ్మా, మా సార్‌ని అడిగి చెప్తాను" అని ఫోన్ తీసుకుని పక్కకి వెళ్ళాడు. వెనక వరసలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు తమ కాగితాలు కూడా తిప్పి చదవడం మొదలుపెట్టారు. పిన్ని కుర్చీలో స్థిమితంగా కూర్చుంది. పెన్ను చేతిలోనే ఉంది. మూత ఇంకా తియ్యలేదు.